పిల్లకి విరేచనం కాకపోతే తల్లి తప్పా?

రెండున్నరేళ్ళ పిల్లకి మూడు నాలుగు రోజులుగా విరేచనం కాకపోతే ఇంట్లో అన్నిటికన్నా ముందు పుట్టే ప్రశ్న "ఏం పెట్టావు?" అన్నది. ఈ ప్రశ్న ఎవరిని అడుగుతారో వేరే చెప్పనక్కరలేదు. అత్తగారు అడుగుతుంది, భర్త అడుగుతాడు, పక్కింటావిడ అడుగుతుంది, చివరికి మందులచీటీ రాసే డాక్టరు కూడా తలెత్తకుండా అదే అడుగుతాడు. పిల్ల లాగులో పోసుకుంటే ప్రశ్న కొంచెం మారి "ఏం నేర్పావు?" అవుతుంది. భర్త కొడుతున్నాడని మా సంఘానికి ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చిన ఒకామెని, ఈసారి దెబ్బలు దేనికి అని అడిగితే, చుట్టాలు వచ్చినప్పుడు మూడేళ్ళ కొడుకు పక్క ఖరాబు చేశాడని చెప్పింది. కట్నం, తాగుడు, అనుమానం అని గళ్ళు గీసుకున్న మా రిజిస్టరులో ఈ కారణం ఏ గడిలోనూ పట్టలేదు.

హక్కుల పత్రికలో దొడ్డికి పోవడం గురించి వ్యాసమా అని ముక్కు మూసుకునేవాళ్ళు ఉంటారు. ఉండనివ్వండి. మలమూత్రాల గురించి నలుగురిలో మాట్లాడకూడదన్న మర్యాద, వాటిని ఎత్తిపోసేవాళ్ళ నోరు మూయించడానికే ఇన్నాళ్ళూ పనికొచ్చింది. ఇంట్లో ఆ పని ఆడవాళ్ళది, ఊళ్ళో ఆ పని కొన్ని కులాలది. మిగిలినవాళ్ళకి అది అసహ్యమైన విషయం మాత్రమే.

ముందు శరీరం సంగతి చూద్దాం. నేను డాక్టర్ని కాను. పిల్లల డాక్టర్లని అడిగి, చదివి తెలుసుకున్న మాటలే చెబుతున్నాను. పసిపిల్లల మలబద్ధకంలో నూటికి తొంభైకి పైగా పేగులో ఏ జబ్బూ ఉండదు. జరిగేది ఇది. జ్వరం వచ్చి నీళ్ళు సరిగా తాగకో, ఊరు మారో, తల్లిపాలు మాన్పించి పోతపాలు ఎక్కువ పట్టో, ఒకసారి మలం గట్టిగా వస్తుంది. నొప్పి పుడుతుంది. ఒక్కోసారి చర్మం చీలి నెత్తురు చుక్క కనిపిస్తుంది. రెండేళ్ళ పిల్లకి ఆలోచన లేదనుకోకండి. నొప్పి పెట్టిన పని మళ్ళీ చేయకూడదని ఆ పిల్ల సక్రమంగానే నిర్ణయించుకుంటుంది. అందుకని బిగబడుతుంది. తలుపు వెనక్కి పోయి నిలబడుతుంది, కాళ్ళు మెలివేసుకుంటుంది, మునివేళ్ళ మీద లేస్తుంది, మొహం ఎర్రగా కందిపోతుంది. చూసేవాళ్ళు "పాపం, ముక్కుతోంది, రావటం లేదు" అనుకుంటారు. నిజానికి అది ముక్కడం కాదు, వచ్చేదాన్ని ఆపుకోవడం. ఆపిన కొద్దీ పెద్దపేగు మలంలో ఉన్న నీటిని పీల్చేస్తుంది. మలం మరింత గట్టిపడుతుంది, లావవుతుంది. బయటికి వచ్చినప్పుడు మరింత నొప్పి, ఆ తర్వాత మరింత భయం.

వారాల తరబడి ఇలా సాగితే పేగు చివరిభాగం సాగిపోతుంది. నిండినా నిండినట్టు తెలియదు. అప్పుడు లోపల ఉన్న గట్టి ముద్ద పక్కనుంచి పలచటి మలం జారి లాగులో పడుతుంది. పిల్లకి తెలియకుండానే పడుతుంది. చాలా ఇళ్ళల్లో ఇక్కడే రెండు అపచారాలు జరుగుతాయి. విరేచనాలు పట్టుకున్నాయనుకుని కట్టడానికి మందు వేయడం మొదటిది. పిల్లకి బద్ధకం, పొగరు, కావాలనే చేస్తోంది అనుకుని కొట్టడం రెండోది. "మళ్ళీ పోశావంటే వాత పెడతా" అన్న మాట మన ఇళ్ళల్లో ఎంత మామూలుగా వినిపిస్తుందో అందరికీ తెలుసు. అందరూ మాటతో ఆగరని కూడా తెలుసు. దెబ్బలు తిన్న పిల్ల చేసే పని ఒకటే, ఇంకా గట్టిగా బిగబట్టడం.

ఇక "మా పిల్లలు ఏడాది నిండేసరికే చెప్పేవాళ్ళు" అన్న మాట దగ్గరికి వద్దాం. పెద్దవాళ్ళు ఈ మాట అంటే నాకు కోపం రాదు, అది అబద్ధం కూడా కాదు. కాళ్ళు చాపుకుని కూర్చుని, రెండు పాదాల మధ్య పిల్లని కూర్చోబెట్టి, "స్‌స్‌" మని శబ్దం చేస్తూ ఓపిగ్గా పోయించే పద్ధతి మనకి తరతరాలుగా ఉంది. అది మంచి పద్ధతే. పిల్ల మోకాళ్ళు పైకి ఉంటాయి, పాదాలకి ఆసరా ఉంటుంది, పట్టుకున్న మనిషి వెచ్చదనం ఉంటుంది. కమోడు మీద కూర్చునే పిల్లకి కాళ్ళ కింద పీట వేయమని ఇప్పటి డాక్టర్లు చెప్పేది కూడా ఇందుకే. కానీ ఆ పద్ధతిలో నేర్చుకున్నది పిల్ల ఒక్కతే కాదు, పిల్ల మొహం చూసి కనిపెట్టడం పెద్దవాళ్ళు నేర్చుకున్నారు. రోజంతా ఎవరో ఒకరు ఆ మొహాన్ని చూస్తూ కూర్చుంటే తప్ప అది సాధ్యం కాదు. ఆ ఎవరో ఒకరు అమ్మమ్మ, నాయనమ్మ, మొగుడు వదిలేస్తే పుట్టింట్లో ఉండిపోయిన మేనత్త, చంటివాడిని ఎత్తుకోవడం కోసం బడి మానేసిన ఎనిమిదేళ్ళ అక్క. ముగ్గురు నలుగురు ఆడవాళ్ళ చాకిరీతో నడిచిన పద్ధతిని, ఆ చాకిరీని లెక్కలోంచి తీసేసి, ఉదయం ఏడింటికి షేరాటో ఎక్కవలసిన ఒంటరి తల్లి ముందు ఆదర్శంగా నిలబెడుతున్నాం. అది నాకు అభ్యంతరం.

ఆ తల్లి పొద్దు ఎలా ఉంటుందో చూడండి. అన్నం తిన్న కాసేపటికి పేగుల్లో కదలిక వస్తుంది. అది అందరి శరీరాల్లోనూ ఉన్న ఏర్పాటు. అందుకే తిన్న తర్వాత అయిదు పది నిమిషాలు పిల్లని నిదానంగా కూర్చోబెట్టాలి, తొందర పెట్టకూడదు, కబుర్లు చెప్పాలి అంటారు. ఆ పది నిమిషాలే ఆమె దగ్గర లేవు. హైదరాబాదు బస్తీల్లో నాలుగైదు కుటుంబాలకి ఒక కక్కసు ఉన్న వాటాలు ఇప్పటికీ ఉన్నాయి. పొద్దున పూట బయట ఇద్దరు చెంబులు పట్టుకుని నిలబడి ఉంటారు. లోపల చీకటి. పెద్దవాళ్ళ కొలతకి కట్టిన బేసిన్, రెండేళ్ళ పిల్ల కాళ్ళు చాపితే రెండు పక్కలా అందదు, పడిపోతానన్న భయం. అపార్టుమెంటులో అయితే కమోడు ఎత్తు, కాళ్ళు గాలిలో వేలాడతాయి, ఫ్లష్ చప్పుడుకి ఉలిక్కిపడుతుంది. పిల్ల రానంటే మొండితనం అంటాం. నాకైతే అది మొండితనం అనిపించదు.

తిండి సంగతీ అంతే. "ఏం పెట్టావు?" అని అడిగేవాళ్ళు, పెట్టడానికి ఏముంది, ఎవరున్నారు అని అడగరు. తల్లి పనికి పోతే పిల్లని కాసే ముసలామె చేతిలో ఉన్నవి పాలసీసా, బిస్కెట్ ప్యాకెట్టు. కూర కలిపి, మెత్తగా పిసికి, ఇల్లంతా తిరుగుతూ పెట్టే శక్తి ఆమెకి లేదు. రోజుకి అర లీటరుకి మించి పాలు తాగే పిల్ల అన్నం, పప్పు, కూర తినదు. పొట్ట నిండే ఉంటుంది. పీచు పదార్థం అందదు, ఇనుము అందదు, మలం గట్టిపడుతుంది. పాలు ఎక్కువ తాగితే మంచిదే కదా అన్న నమ్మకం మధ్యతరగతిలో మరీ బలంగా ఉంది. పాల పొడులు అమ్మేవాళ్ళు ఆ నమ్మకాన్ని బాగానే పెంచి పోషించారు.

పనిచేసే తల్లికి పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలని చట్టాలు చెప్పక పోలేదు. యాభైమందికి మించి స్త్రీలు పనిచేసే ఫ్యాక్టరీలో శిశు సంరక్షణ గది ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం అప్పుడే అన్నది. యాభైమందికి పైగా ఉద్యోగులున్న సంస్థల్లో క్రెష్ ఉండాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకోవచ్చని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణ చెప్పింది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోకి కూడా ఆ నిబంధన వచ్చింది. కానీ ఇళ్ళల్లో పాచిపని చేసే ఆమెకి ఏ సంస్థ? ఇంట్లోనే కూర్చుని బీడీలు చుట్టే ఆమెకి ఏ సంస్థ? పదిమంది పనిచేసే బట్టల దుకాణంలో సేల్స్ గర్ల్‌కి ఏ క్రెష్? యాభై అన్న అంకె పెట్టినప్పుడే అత్యధిక సంఖ్యలో స్త్రీలని చట్టం బయట నిలబెట్టారు. 1975లో మొదలైన ఐ.సి.డి.ఎస్. పథకం ఉంది కదా అంటారు. అంగన్‌వాడీలో మూడేళ్ళు నిండిన పిల్లలకి పూర్వ ప్రాథమిక విద్య ఉంది. మూడేళ్ళలోపు పిల్లలకి బరువు చూడటం, టీకాలు, ఇంటికి పట్టుకుపోయే సరుకు ఉన్నాయి గాని, పగలంతా ఉంచుకునే ఏర్పాటు అందులో లేదు. పిల్లలకి మరుగుదొడ్డి అలవాటు కావలసిన వయసు సరిగ్గా అదే. అంగన్‌వాడీకి క్రెష్‌ని కలుపుతామని 2022లో మిషన్ శక్తి కింద పాల్నా అనే పథకం తెచ్చారు. మీ మండలంలో అది ఎక్కడుందో ఒకసారి వాకబు చేసి చూడండి.

అంగన్‌వాడీలో పిల్ల లాగు మార్చేది సహాయకురాలు, మనం ఆయా అని పిలిచే మనిషి. ఆమెది ఉద్యోగం కాదు, గౌరవ వేతనంతో చేసే సేవ అని ప్రభుత్వాలు దశాబ్దాలుగా వాదిస్తూ వచ్చాయి. గ్రాట్యుటీ చట్టం అంగన్‌వాడీ కార్యకర్తలకీ సహాయకులకీ వర్తిస్తుందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ గ్రాట్యుటీ కోసమూ, కనీస వేతనం కోసమూ ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేయవలసి వచ్చింది, ఎస్మా ప్రయోగించినా వెనక్కి తగ్గలేదు. పిల్లల మలం ఎత్తడం సేవ అన్నంతకాలం దానికి జీతం సేవకి ఇచ్చినట్టే ఇస్తారు. పసిపిల్ల భయం పోయేదాకా పక్కన కూర్చోవడం ఓపిక, నేర్పు కావలసిన పని. దాన్ని పనిగా ఒప్పుకోమనే మన వాదన.

ప్రైవేటు నర్సరీల పద్ధతి వేరు. డైపరు లేకుండా, తనంతట తాను చెప్పగలిగితేనే చేర్చుకుంటామనే బడులు మా కాలనీ చుట్టుపక్కలే ఉన్నాయి. జూన్ నెల దగ్గర పడుతుంటే ఇళ్ళల్లో మొదలయ్యే యుద్ధం చూడాలి. మూడు వారాల్లో నేర్పాలి, లేకపోతే సీటు పోతుంది, సీటు పోతే తల్లి ఉద్యోగం పోతుంది. గంటలకొద్దీ కూర్చోబెట్టడం, తిట్టడం, చాక్లెట్ ఆశ పెట్టడం, మళ్ళీ తిట్టడం. అప్పటిదాకా మామూలుగా ఉన్న పిల్ల కూడా ఈ ఒత్తిడిలో బిగబట్టడం మొదలుపెడుతుంది. ఘనాహారం మొదలుపెట్టినప్పుడు, దొడ్డికి పోవడం నేర్పినప్పుడు, బడిలో వేసినప్పుడు - మలబద్ధకం మొదలవడానికి ఈ మూడే ఎక్కువ అవకాశమున్న సమయాలని వైద్యులు చెబుతారు. మనం రెండిటిని తెచ్చి ఒకే నెలలో కలుపుతున్నాం. బడిలో లాగు తడుపుకున్న పిల్లని బయట నిలబెట్టడం, పదిమందిలో నవ్వించడం మరో కథ. విద్యా హక్కు చట్టం (2009) 17వ సెక్షను కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. కానీ ఆ చట్టం దృష్టిలో పిల్లలంటే ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళు. మూడేళ్ళ పిల్ల ఆ నిర్వచనంలో లేదు. ఆరేళ్ళలోపు పిల్లల సంరక్షణ గురించి 2002లో రాజ్యాంగంలో 45వ అధికరణాన్ని మార్చి రాశారు గాని అది ఆదేశిక సూత్రం, కోర్టుకి వెళ్ళి అడిగి తీసుకునే హక్కు కాదు. బాల న్యాయ చట్టం (2015) 75వ సెక్షను ఉంది. పిల్లలని తమ సంరక్షణలో ఉంచుకున్న ఎవరైనా వాళ్ళని కొట్టి, హింసించి బాధ పెడితే అది నేరం. దీనికి వయసు పద్దెనిమిది లోపు, కాబట్టి మూడేళ్ళ పిల్లకీ వర్తిస్తుంది. తల్లులు ఈ సెక్షను నంబరు గుర్తుపెట్టుకోవడం మంచిది.

ఇంకొక మాట. ఆపుకోవడం ఆడపిల్లకి ఇక్కడితో ఆగదు. బడిలో దొడ్డి లేదనో, ఉన్నా తలుపు లేదనో నీళ్ళు తాగకుండా సాయంత్రం దాకా కూర్చునే అమ్మాయిలు మనకి తెలుసు. అన్ని బడుల్లో మరుగుదొడ్లు ఉండాలని 2012 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆరు నెలల గడువు పెట్టి చెప్పవలసి వచ్చింది. ఆపుకోవడం వల్ల మలబద్ధకం, దానితోబాటు మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లు వస్తాయి, ఇవి రెండూ ఒకదాన్నొకటి పెంచుతాయి. పెద్దయ్యాక దుకాణంలో నిలబడి పనిచేస్తూ ఆపుకుంటుంది. కేరళలో కోజికోడ్ దుకాణాల్లో పనిచేసే స్త్రీలు విజి నాయకత్వంలో పెణ్‌కూట్టు అనే సంఘం పెట్టుకుని మొదట పోరాడింది మూత్రానికి పోవడానికి చోటు కోసమే. తర్వాత కూర్చునే హక్కు కోసం పోరాడారు. 2018లో అక్కడి చట్టం మారింది. పగలంతా తను ఆపుకుని ఇంటికి వచ్చిన తల్లి, ఆపుకున్న పిల్లని చూసి విసుక్కుంటే, ఆ విసుగు ఎక్కడ పుట్టిందో మనం వెతకాలి కదా!

సరే, ఇంతా చెప్పి, పిల్లకి ఏం చేయాలో చెప్పకపోతే చదివే తల్లులు నన్ను క్షమించరు. మొదటిది, పేగు నిండిపోయి ఉంటే ముందు అది ఖాళీ కావాలి. గట్టి ముద్ద అడ్డం ఉండగా పీచు ఎక్కువ పెడితే ఇంకా బిగుసుకుంటుంది. పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పొడి, లాక్టులోజ్ అనే సిరప్ డాక్టర్లు రాస్తారు. పిల్ల వయసు, బరువును బట్టి మోతాదు వాళ్ళే చెప్పాలి. ఇవి మలంలో నీరు నిలిచేలా చేసి మెత్తబరుస్తాయి. "అలవాటు పడిపోతుంది" అని భయపడి నాలుగు రోజులకే ఆపేయడం వల్లే ఎక్కువమంది పిల్లలు మళ్ళీ మొదటికి వస్తారు. సాగిన పేగు మామూలుగా కావడానికి నెలలు పడుతుంది. మందు కూడా నెలల తరబడి వేసి, మెల్లగా తగ్గించాలి. ఈ సంగతి చీటీ రాసిన డాక్టరే రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పాలి, చాలామంది చెప్పరు.

సబ్బుముక్క, ఆముదంలో ముంచిన తమలపాకు తొడిమ పెట్టడం మానుకోండి. సబ్బు లోపలి పొరని మండిస్తుంది. ఇద్దరు కాళ్ళూ చేతులూ పట్టుకుని ఏడుస్తున్న పిల్ల మీద చేసే ఏ పనైనా భయాన్ని పదింతలు చేస్తుంది. నెలల పిల్లలకి ముక్కు మూసి ఆముదం పోయడం మరీ ప్రమాదం, నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మలం మెత్తబడి, నొప్పి లేకుండా పోవడం మొదలైందాకా కక్కసు పాఠాలు ఆపేయండి. డైపరులోనో లాగులోనో పోస్తే పోయనివ్వండి. నొప్పి లేదని పిల్లకి నమ్మకం కుదరాలి, అది కుదరడానికి వారాలు పట్టవచ్చు. తర్వాత రోజుకి రెండుసార్లు, తిన్న తర్వాత, కాళ్ళ కింద పీటో ఇటుకో పెట్టి అయిదు నిమిషాలు కూర్చోబెట్టండి. వచ్చినా రాకపోయినా లేపేయండి. రాలేదని మాట అనకండి. తిండిలో తోటకూర పప్పు, చిక్కుడు, పొట్టుతో పెసలు, జొన్నరొట్టె, బొప్పాయి, జామపండు గుజ్జు, నానబెట్టి నలిపిన ఎండుద్రాక్ష, ఏది దొరికితే అది. పాలు తగ్గించి నీళ్ళు పెంచండి. అయితే కొన్నిటికి ఇంట్లో ఆగకూడదు: పుట్టిన రెండు రోజుల్లోగా మొదటి నల్లటి మలం పోకపోయినా, నెలల వయసు నుంచే ఇబ్బంది ఉన్నా, పొట్ట ఉబ్బి ఆకుపచ్చగా వాంతి చేసుకున్నా, బరువు పెరగకపోయినా, కాళ్ళల్లో బలం తగ్గినట్టు కనిపించినా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

ఇందులో తల్లి మాత్రమే చేయవలసిన పని ఒక్కటి కూడా లేదు. పీట వేయడానికి, అయిదు నిమిషాలు కబుర్లు చెప్పడానికి, కడగడానికి గర్భసంచి అక్కరలేదు. "నాకు వాంతి వస్తుంది" అని మొహం తిప్పుకునే తండ్రులకి, తల్లికి కూడా మొదట్లో వచ్చిందని, ఆమెకి తప్పించుకునే వీలు లేక అలవాటు పడిందని చెప్పాలి. నాకు తెలిసిన ఒక ఆటో డ్రైవరు పొద్దున మొదటి ట్రిప్పు మానుకుని ఆ పని తను చూస్తున్నాడు. ఆ ట్రిప్పు డబ్బు పోతోందని వాళ్ళమ్మ రోజూ కోడల్ని తిడుతుంది.

మన జిల్లా సంఘాలు ఈ మూడు నెలల్లో చేయగలిగిన పని ఒకటుంది. మీ పరిధిలో ఉన్న ప్రతి అంగన్‌వాడీకి, ప్రతి నర్సరీ బడికి వెళ్ళి దొడ్డి తలుపు తీసి చూడండి. నీళ్ళు ఉన్నాయా, లైటు ఉందా, పిల్ల కాళ్ళకి అందే కొలతలో కట్టారా, గొళ్ళెం ఎవరి చేతికి అందుతుంది, కడిగేది ఎవరు, ఆమెకి నెలకి ఎంత ఇస్తున్నారు, ఆఖరిసారి ఎప్పుడు ఇచ్చారు - రాసుకురండి. సి.డి.పి.ఓ. కి, మండల విద్యాధికారికి ఇచ్చే అర్జీకి ఆ కాగితాలే ఆధారం. ఆ పని మన దగ్గర్నుంచే మొదలుపెడితే మంచిది. నెలనెలా మనం మీటింగు పెట్టుకునే హాలులో దొడ్డి మేడమీద ఉంది, తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది, మీటింగుకి తల్లులతో వచ్చే పిల్లలు ఎప్పుడూ పదిమందికి తక్కువ ఉండరు. తాళంచెవి ఆ రోజంతా మన దగ్గర ఉంచమని హాలు యజమానికి ఉత్తరం రాశాను, కింద సంతకాలు కావాలి.